డేగ చూసిన కార్డు

ఎడమ తెర తుడిచి, అదే పసుపు గుడ్డ తిరగేసి కుడి తెర తుడిచాడు డేగ. తెరల కింద మూతలు తీసిన రెండు కంప్యూటర్లు. ఎడమదాంట్లో తెర మీద బొమ్మలు నడిపే చిన్న గ్రాఫిక్స్ కార్డు, కుడిదాంట్లో పెద్దది. రెండు మీటలూ ఒకేసారి నొక్కాడు. రెండు తెరల మీదా ఒకే అడవిలో ఒకే వాన మొదలైంది. ఏ కార్డు ఆ వానని తడబడకుండా కురిపిస్తుందో చూసి చెప్పడం అతని పని. ఆ కంప్యూటర్ల దుకాణంలో తల నెరిసేదాకా అతను చేసింది అదొక్కటే.

ఆకు అంచున రంగు చెదిరినా ఇట్టే పట్టేస్తాడని యజమాని పెట్టిన పేరు డేగ. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. మనిషిలో మాత్రం డేగ పోలికలేవీ లేవు. పొట్టిగా, ఒంగిన భుజాలతో, కాస్త విచ్చుకున్న చెవులతో ఉంటాడు. ఈమధ్య చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకొస్తున్నాడు.

దాచడమెందుకు, ఆ కళ్ళు చెడి ఏడాది దాటింది. చూపు అంచులు బాగానే ఉన్నాయి, నడుమనే మసక. దేన్ని తిన్నగా చూస్తే అదే మాయమవుతుంది. మనిషి ఎదురుగా నిలబడితే చెవులూ భుజాలూ కనిపిస్తాయి, ముఖం ఉండదు. అద్దాలతో పోయేది కాదని డాక్టరు చెప్పినా వినకుండా లావుపాటి కళ్ళద్దాలు చేయించుకున్నాడు. వాటితో అతనికి ఒరిగిందేమీ లేదు. చూసేవాళ్ళకి మాత్రం అతను శ్రద్ధగా చూస్తున్నట్టు ఉంటుంది. ఇంట్లో భార్య సూదిలో దారం ఎక్కించమంటే "తర్వాత" అని వీధిలోకి వెళ్ళిపోతాడు.

మరి పనెలా నడుస్తోందంటే, చెవులతో. భారం ఎక్కువైతే చిన్న కార్డు ఫ్యాను సన్నగా కీచుమంటుంది, పెద్దదాని ఫ్యాను బొంగురుగా మూలుగుతుంది. ఎంత వేడెక్కిందో అరచేయి చెబుతుంది. మిగతాది పక్క బల్ల దగ్గర కంప్యూటర్లు బిగించే అమ్మాయి పుణ్యం. తెర మూలన కనిపించే అంకెలని చూస్తూ తనలో తాను గొణుక్కోవడం ఆమె అలవాటు.

"చిన్నది తొంభై... పెద్దది డెబ్బై... చిన్నది ఆగింది, మళ్ళీ లేచింది..."

సెకనుకి ఎన్ని బొమ్మలు పడుతున్నాయో చెప్పే ఆ అంకెలని విని, డేగ తన కళ్ళతో చూసినట్టే తీర్పు చెప్పేవాడు. ఆ అలవాటుకి లోపల్లోపల దండం పెట్టుకునేవాడు, అంతలోనే సిగ్గుతో చచ్చిపోయేవాడు.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. కట్టబోయే ఇళ్ళ బొమ్మలు కంప్యూటర్లో గీయడం ఆవిడ పని. ఆ అలసిన గొంతు వినగానే డేగ గుర్తుపట్టాడు. పోయిన వారం ఆవిడకి సలహా చెప్పింది తనే. "చిన్నది పరుగులో ముందుంటుంది, కానీ మెమరీ ఎనిమిది జీబీయే. ఆటలాడేవాళ్ళకి సరిపోతుంది. మీ బొమ్మలు బరువు. పదహారున్న పెద్దది తీసుకోండి. నిదానమే గాని మధ్యలో చతికిలబడదు." ఆ మాటలో వంక పెట్టడానికేమీ లేదు. ఆ తర్వాత కార్డుని అరగంట నడిపి, ఫ్యాను విని, బంగారంలా ఉందన్నాడు. అమ్మాయి ఆ రోజు సెలవు.

"రంగు చుక్కలు వస్తున్నాయండీ," అంది ఆవిడ. "గీసిన గోడలన్నిటి మీదా అవే. పని ఇచ్చినవాళ్ళు బొమ్మలు తిప్పి పంపేశారు. ఇంకోసారి ఇలాగైతే పని ఇవ్వరట."

యజమాని ఆ కార్డుని కుడి కంప్యూటర్లో పెట్టి వాన నడిపించాడు. కాసేపు చూశాడు.

"చుక్కలున్నమాట నిజమే. కానీ ఇక్కణ్ణించి వెళ్ళేటప్పుడు లేవమ్మా. మా డేగ కళ్ళల్లో వత్తులేసుకుని చూడందే ఏ కార్డూ గడప దాటదు. మీ ఇంట్లో వేడికో, కరెంటు తేడాకో పోయుంటుంది. దానికి మేమేం చేస్తాం?" అని డేగ కూర్చున్న స్టూలు వైపు తిరిగాడు. "ఏం డేగా, ఆ రోజు చుక్కలున్నాయా?"

డేగ తెరకేసి వంగాడు. వెనక నుంచి గొణుగుడు వినిపించింది.

"ఎడమ పై మూల... ఎర్రవి... ఆకుల మీద..."

ఈసారి అంకెలు కావు. దారి తెలియని మనిషికి చెబుతున్నట్టున్న మాటలు. అది అలవాటు కాదని, ఇన్నాళ్ళూ తనకి వినపడాలనే చెబుతోందని డేగకి అప్పుడర్థమైంది. తల కొట్టేసినట్టయింది. తనేదో అందరి కళ్ళూ కప్పుతున్నానని మురిసిపోయాడు. ఒక పిల్ల జాలిపడి తనని నెట్టుకొస్తోంది.

"లేవు," అన్నాడు.

యజమాని తీసిచ్చిన కార్డుని ఆవిడ అట్టపెట్టెలో సర్దుకుంది. "అయితే నా చేతిలోనే పోయుంటుంది లెండి. మీరు చూసి ఇచ్చాక ఇంకేముంటుంది? మీ మాట మీదే కొన్నాను కదా అన్నయ్యగారూ."

ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే నమ్మి అంది. ఆవిడ ముఖం కనిపించకపోవడమే మేలనిపించింది డేగకి. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఆవిడ గడప దగ్గరకి వెళ్ళేసరికి అతనికి నోరు పెగిలింది.

"ఆగండమ్మా. ఆ రోజు చుక్కలుండే ఉంటాయి. నాకే కనపడలేదు. ఇప్పుడూ కనపడట్లేదు."

"ఏంటి వేళాకోళం?" అన్నాడు యజమాని.

"వేళాకోళం కాదండి. మీ మొహం కూడా కనపడట్లేదు. చెవులు కనపడుతున్నాయి."

యజమాని దగ్గరికొచ్చాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది పైనే."

"మరి ఇన్నాళ్ళూ నువ్వు బాగున్నాయన్న కార్డులన్నీ?"

"బాబాయ్, అవి నేను..." అని అమ్మాయి లేవబోయింది. డేగ చేత్తో వారించాడు.

"ఆ పిల్లకేం తెలీదండి. పాపం, తన పని తను చేసుకుంటోంది."

యజమాని కేకలేయలేదు. వేసినా బాగుండేది. సీలు తియ్యని కొత్త కార్డు తెచ్చి, అరగంట నడిపి చూసి ఈవిడకిమ్మని అమ్మాయితో చెప్పాడు. తర్వాత ఎటో చూస్తూ, "నువ్వు ఇంటికెళ్ళు డేగా. రేపు మాట్లాడదాం," అన్నాడు. రేపు మాట్లాడేదేమీ ఉండదని ఇద్దరికీ తెలుసు.

డేగ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. పసుపు గుడ్డ మడిచి పక్కన ఉంచాడు.

"మెట్టుంది, చూసుకోండి," అంది గడపలో ఆవిడ, మోచేయి పట్టుకోబోతూ.

"మెట్టు కనపడుతుందమ్మా. పక్కనున్నవన్నీ కనపడతాయి," అని తలొంచుకుని దిగాడు. ఇంటికెళ్ళి ముందు ఆ సూది సంగతి చెప్పాలనుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తోచక వీధి మలుపుదాకా ఆగి ఆగి నడిచాడు.

లోపల స్టూలు మీద అమ్మాయి కూర్చుంది. కొత్త కార్డు మీద వాన మొదలైంది.

"డెబ్బై... డెబ్బై రెండు... చుక్కల్లేవు..." అని గొణిగి, వినే మనిషి లేడని గుర్తొచ్చి ఆగిపోయింది.

రెండు తెరల మధ్య ఆ లావుపాటి కళ్ళద్దాలు అలాగే ఉన్నాయి, రోజూ తుడిచినవి, ఒక్క మరకైనా లేకుండా.