నిచ్చెన పట్టుకున్నది ఎవరు

ఒకే ఉద్యోగానికి మా పిన్ని కూతురినీ నన్నూ ఒకే రోజు పిలిచారు. దాన్ని పదింటికి, నన్ను పదకొండింటికి. కుళ్లుమోతుదాన్నంటారా? అనండి. కడుపు మండకపోతే నేను మనిషినే కాను.

ఇద్దరం ఒకే ఆడిటరు దగ్గర ఆర్టికల్స్, అదే సీఏ శిక్షణ, చేశాం. నాకంటే రెండేళ్లు చిన్నది. సీఏ ఆఖరి పరీక్ష నేను ఐదుసార్లు రాసి గట్టెక్కాను, అది ఒక్కసారికే. ఫలితాలు మాత్రం ఒకే రోజు వచ్చాయి. ఇంటిల్లిపాదీ దాన్ని ఆకాశానికెత్తి, నాతో మాత్రం పోనీలే నువ్వూ అయ్యావన్నారు. ఆ 'నువ్వూ' ఇప్పటికీ గుచ్చుకుంటుంది. బక్కపలచగా ఉంటుందని అందరూ దాన్ని పిచ్చుక అంటారు. నా పాలిట గద్ద.

ఎనిమిది నెలల్లో ఏడు ఇంటర్వ్యూలకు తిరిగాను. ఎన్ని అటెంప్టులని అడగడం, తర్వాత కబురు చేస్తామనడం. ఇదీ పోతే నాన్న స్నేహితుడి దుకాణంలో బిల్లులు రాసుకోవడమే.

నాకున్న ఆస్తల్లా ఒక్క కథ. ఆర్టికల్స్ రోజుల్లో ఒక గిడ్డంగిలో సరుకు లెక్కకు వెళ్లాం. పెట్టెలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. పొడవూ వెడల్పూ ఎత్తూ గుణిస్తే లెక్క సరిపోయింది. నిచ్చెనెక్కి చూస్తే మధ్యలో పెట్టెల్లేవు, నుయ్యిలా బోలుగా ఉంది. ఆ కథ బంధువులందరికీ చెప్పాను. ఇంటర్వ్యూల్లోనే ఎవరూ అక్కడిదాకా రానివ్వలేదు.

పిచ్చుక ఇంటర్వ్యూ నుంచి బయటికొచ్చి నా చెయ్యి నొక్కింది. మంచివాళ్లే, భయపడకంది. దాని ధైర్యం ఎవరిక్కావాలి? చెయ్యి లాక్కున్నాను.

లోపల మేనేజరమ్మ అటెంప్టుల ఊసెత్తలేదు. చేసిన పనిలో గుర్తుండిపోయింది చెప్పమంది. ఇంకేం, అందుకున్నాను. నిచ్చెన దగ్గరికి వచ్చేసరికి ఆమె పెన్ను కింద పెట్టింది.

"ఈ కథ ఇప్పుడే విన్నాను."

ఒళ్లు భగ్గుమంది. దొంగమొహంది, ఇదీ ఎత్తుకుపోయిందా అనుకున్నాను.

"తనకు ఎత్తంటే భయమట. కింద అక్క నిచ్చెన పట్టుకుంది కాబట్టే ఎక్కానంది. ఇంతకీ ఎక్కింది ఎవరు?"

నాలుగేళ్లుగా ఎక్కింది నేనే అని చెబుతుంటే పిచ్చుక పక్కన కూర్చుని తలూపేది. కాదని ఒక్కసారీ అనలేదు. చెప్పీ చెప్పీ నాకే నమ్మకం కుదిరింది.

"తనేనండీ. నేను పట్టుకున్నాను," అన్నాను.

అదీ సగమే నిజం. పైనుంచి "అక్కా, మధ్యలో ఖాళీ" అని అది కేకేయగానే, ఆ మాట ఆడిటరుగారికి ముందు నేనే చెప్పాలని నిచ్చెన వదిలేసి పరుగెత్తాను. ఆ తర్వాత వారంపాటు అది కుంటింది. మెట్ల మీద జారానని ఇంట్లో చెప్పింది. నేనేమీ అడగలేదు.

ఉద్యోగం పిచ్చుకకే వచ్చింది. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, అభినందించడానికి నోరు రాక, ఆ రోజు ఎలా దిగావే అనడిగాను.

"నిచ్చెన పడిపోయిందక్కా. నువ్వొస్తావని కాసేపు చూశాను. తర్వాత దూకేశాను."