వెనక చక్రం బోల్టు
పాతకారు వెనక చక్రం బోల్టు ఎంత తిప్పినా కదల్లేదు. మెకానిక్ తుప్పు వదిలే నూనె కొట్టి, సెగ చూపించి, పానా మీద కాలేసి తొక్కితే కీచుమంటూ వదిలింది.

"దీన్ని విప్పి పదేళ్లయినా అయ్యుంటుందమ్మా," అన్నాడతను.

ఆమె భర్త వైపు తిరిగింది. నెలకో ఆదివారం షెడ్డు తలుపేసుకుని, చక్రాలు విప్పి బ్రేకులు శుభ్రం చేస్తున్నానని చెప్పేవాడాయన. తాగుడా, ఎవరితోనైనా ఫోన్లా? ఆమెకు ఒళ్లు మండింది.

"మరి లోపల ఇన్నాళ్లూ ఏం వెలగబెట్టారు?"

"మీ అన్నయ్య వచ్చినప్పుడల్లా వెనక సీట్లో పడుకునేవాణ్ణి. ఆయన కోర్టు కేసు ఎన్నిసార్లని వినను?"

ఆమె ఆయన ముఖాన్ని పరీక్షగా చూసింది. అబద్ధంలా లేదు.

"ఒక్కరోజైనా నన్నూ పిలవకపోయారా?" అంది.