ఫ్రిజ్ పక్క ప్లగ్గు

"తెల్ల వైరు ఎక్కడుందండీ?" అని నేను అడిగేసరికి మా ఆయన వంశీకృష్ణ గడ్డం గీసుకుంటున్నారు.

"ఏ తెల్ల వైరు?"

"ఫ్రిజ్ పక్క ప్లగ్గుకి ఉండేది. అత్తయ్యగారి ఫోనుది."

"అదా. నిన్న కార్లో పెట్టాను. అక్కడి వైరు పనిచెయ్యట్లేదు."

"ఆ ఒక్కటీ ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను? రాత్రంతా ఛార్జింగు లేదు ఆ ఫోనుకి. ముప్ఫై శాతం కూడా లేదు."

"వైర్లకి కూడా నక్షత్రం, గోత్రం పెట్టావేంటి వాగ్దేవీ? అన్నిట్లోనూ వచ్చేది ఒకటే కరెంటు."

"ఒకటే అయితే ఇంకోటి పట్టుకెళ్ళాల్సింది."

ఆయన బ్లేడు కడిగి నా వైపు తిరిగారు. "నువ్వు కాలేజీలో లాబ్ అటెండరుగా చేరాల్సిందానివి. గాజు గొట్టాలు లెక్కపెట్టుకుంటూ హాయిగా ఉండేదానివి."

నేను బాపట్లలో బియస్సీ చదివాను. కెమిస్ట్రీలో మంచి మార్కులే వచ్చాయి. ఆ సంగతి ఆయనకి తెలుసు. అందుకే ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇవాళ ఇంక ఈ మనిషితో మాట్లాడకూడదు అనుకున్నాను. అనుకున్నట్టే చేశాను కూడా.

ఆ ఫోను సంగతి చెప్పాలి. మా అత్తయ్యగారు దుర్గాంబగారికి కంటి ఆపరేషన్ అయ్యాక తను రాసుకున్న చీటీలు తనకే కనిపించడం మానేశాయి. అప్పుడు మా అమ్మాయి అనుపమ ఫోనులో మాటలు రికార్డు చేసుకోవడం నేర్పింది. ఆవిడ రోజూ ఏదో ఒకటి చెప్పి దాచుకునేవారు. "శనగపప్పు అరకిలో. ఆవాలు పావుకిలో. మీ మావయ్యగారి కళ్ళజోడు కాడ వదులైంది, బిగించాలి. రేపల్లె అక్కయ్యకి ఫోను." అలాంటివి నలభై ఒకటి ఉన్నాయి. ఒకదాంట్లో కుక్కరు కూత మధ్యలో మావయ్యగారి గొంతు వస్తుంది, "ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అని. "మీతో కాదులెండి" అంటారు ఆవిడ. చివరిది ఆస్పత్రి మంచం మీద చెప్పింది. "వాగ్దేవీ, ఆయనకి చారులో ఉప్పు తగ్గించు. అడుగుతారు. వెయ్యకు."

ఆవిడ పోయి అప్పటికి ఏడు నెలలు. మా మావయ్యగారు దక్షిణామూర్తిగారు రిటైరైన సైన్సు మాష్టారు. రోజూ మూడు గంటలకి ఫ్రిజ్ పక్కన స్టూలు వేసుకుని, ఆ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, పప్పులూ ఆవాలూ వినేవారు. బాటరీ పాతది, ప్లగ్గులో ఉంటేనే నిలబడేది. బాపట్లలో ఇంజినీరింగు చదువుతున్న అనుపమ సెలవులకి వచ్చినప్పుడల్లా, "తాతయ్యా, ఒక్క పది నిమిషాలు ఇవ్వు, లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఇస్తాను" అనేది. "నువ్వేదో నొక్కి చెరిపేస్తావు" అని ఆయన ఇచ్చేవారు కాదు.

ఆ రోజు మా ప్రయాణం రేపల్లెకి. అత్తయ్యగారి అక్క చౌడేశ్వరిగారు మంచం దిగి తెనాలిలో మా ఇంటికి రాలేరు. చెల్లెలి మాట వినాలని ఆవిడ అడిగారు. వినిపిస్తానని మావయ్యగారు మాట ఇచ్చారు.

కారుకి అప్పటికి రెండు నెలలుగా ఏదో జబ్బుంది. మా ఆయన ఫోను, తను పాఠాలు చెప్పే రేపల్లె కాలేజీ నుంచి వస్తూ ఛార్జింగులో ఉండగా పోయింది. తరవాత అనుపమది, బాపట్ల నుంచి తీసుకొస్తుంటే. ఫోను రిపేరువాళ్ళు ఛార్జరు మంచిది కాదన్నారు. ఈయన ఛార్జరు మార్చారు, వైరు మార్చారు. నేను మాత్రం ఒకటి గమనించాను. కూరగాయల మార్కెట్టుకీ, గుడికీ వెళ్ళినప్పుడు ఏ ఫోనుకీ ఏమీ కాలేదు. రెండూ దూరప్రయాణంలోనే పోయాయి. ఆ రెండు నెలల్లోనే హెడ్‌లైటు బల్బులు రెండుసార్లు మాడాయి. బాటరీలో నీళ్ళు ఊరికే ఇంకిపోతున్నాయి. కారు గేట్లోకి రాగానే ముందువైపు నుంచి కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది. మా ఇంట్లో గుడ్డు వండరు. ఆ వాసన నాకు డిగ్రీ లాబ్ రోజుల నుంచీ తెలుసు.

ఇవన్నీ ఒకసారి చెప్పాను. "మెకానిక్కు షెడ్డులో నీకు ఉద్యోగం ఖాళీ ఉందేమో కనుక్కోనా?" అన్నారు మా ఆయన.

వేమూరు దగ్గర మావయ్యగారు ఫోను చూసుకుని, "పన్నెండుకి పడిపోయిందిరా వంశీ. ఇక్కడ పెట్టనా?" అన్నారు.

"పెట్టండి నాన్నగారూ. కొత్త ఛార్జరే."

నేను వెనక సీట్లో ఉన్నాను. వద్దండి మావయ్యగారూ అన్న మాట నోటిదాకా వచ్చింది. లాబ్ అటెండరు అన్న మాట కూడా దాంతోపాటే వచ్చింది. అంటే మళ్ళీ ఏదో అంటారు, మామగారి ముందర అంటారు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఊడ్పులయిన పొలాలు, కాలవ గట్టు మీద సైకిళ్ళు. వేమూరు నుంచి భట్టిప్రోలు దాకా నేను నోరు విప్పలేదు.

భట్టిప్రోలు దాటుతుండగా ప్లాస్టిక్కు వేడెక్కిన వాసన వచ్చింది. మావయ్యగారు ఫోను లాగేశారు. చెయ్యి కాలుతున్నా వదల్లేదు. పంచె కొంగులో చుట్టి పట్టుకుని, మీట నొక్కారు. మళ్ళీ నొక్కారు. రేపల్లె వెళ్ళేదాకా నొక్కుతూనే ఉన్నారు.

చౌడేశ్వరిగారు జుట్టు దువ్వించుకుని, చెవిమిషను పెట్టుకుని, దిండుకి ఆనుకుని సిద్ధంగా ఉన్నారు.

"ఏవండీ మరిదిగారూ, ఏది మా దుర్గ?"

"ఛార్జింగు అయిపోయింది వదినగారూ."

"అయితే పెట్టండి. నాకేం పరీక్షలున్నాయా, బస్సుందా? కూర్చుంటాను."

పెట్టారు. ఆవిడ ఆ ప్లగ్గు వైపే చూస్తూ సాయంత్రం దాకా కూర్చున్నారు. కాఫీ ఇస్తే, "ఉండమ్మా, ఈలోగా మాట్లాడుతుందేమో" అని పక్కన పెట్టించారు. బయలుదేరేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "బాగయ్యాక తీసుకురా తల్లీ" అన్నారు.

తెనాలిలో ఫోన్లు బాగుచేసే సారా అనే అమ్మాయి భూతద్దం కింద చాలాసేపు చూసింది. తలెత్తి మావయ్యగారి మొహం చూసి, మళ్ళీ ఫోను వంకే చూస్తూ చెప్పింది.

"లోపల అన్నీ దాచుకునే చిప్పే కాలిపోయిందండి తాతగారూ. ఇంక ఎవరి దగ్గరికి తీసుకెళ్ళినా డబ్బు దండగ. నేనైతే అబద్ధం చెప్పను."

"మంచిదమ్మా" అన్నారు ఆయన. ఇంటికొచ్చి దాన్ని ఫ్రిజ్ పక్క ప్లగ్గుకే పెట్టారు, వేరే వైరుతో. మర్నాడు మూడింటికి స్టూలు వేసుకుని కూర్చున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళడానికి ఆ దారి తప్ప ఇంకో దారి లేదు. నాలుగింటి దాకా మంచినీళ్ళు కూడా తాగకుండా వరండాలోనే ఉండిపోయాను.

శుక్రవారం మా ఆయన కారుని నందివెలుగు రోడ్డులో ఫిన్నీ షెడ్డు దగ్గర దింపి, బస్సులో కాలేజీకి వెళ్ళిపోయారు. నేను అక్కడే ఉన్నాను. ఫిన్నీ కార్ల కరెంటు పని చేస్తాడు. నలభై ఏళ్ళుంటాయి. మా గుమ్మంలో ఎప్పుడు కనిపించినా మావయ్యగారికి చెప్పులు విడిచి దణ్ణం పెడతాడు.

"మీరు లోపల కూర్చుని తొక్కండక్కా. నేను మీటరు చూస్తాను."

ఇంజను ఆన్ చేశాను. బాటరీ మీద రెండు తీగలు ఆనించి, "పద్నాలుగు వోల్టులు. బానే ఉంది" అన్నాడు. "ఇప్పుడు కొంచెం రేజ్ చెయ్యండి."

తొక్కాను.

"పదిహేను. ఇంకా... పదహారు. పదహారు పాయింటు ఎనిమిది. చాలక్కా, చాలు, కట్టెయ్యండి!"

తల గోక్కుంటూ వచ్చాడు. "పద్నాలుగున్నర దాటకూడదండి. ఆల్టర్నేటరు తయారుచేసే కరెంటుకి కళ్ళెం వేసే రెగ్యులేటరు ఉంటది, అది పోయింది. ఊళ్ళో మెల్లగా తిప్పితే తెలీదు. రోడ్డెక్కి స్పీడు పెంచితే ఎక్కువ కొట్టేస్తది. బల్బులు మాడుతున్నాయా?"

"రెండుసార్లు."

"బాటరీ నీళ్ళు?"

"ఇంకిపోతున్నాయి. వాసన కూడా వస్తోంది."

"అన్నీ చెప్పిందండి పాపం కారు. వినేవాళ్ళేరి?" అన్నాడు నవ్వుతూ.

నేను నవ్వలేదు. వాడు గతుక్కుమని, టార్చి పట్టుకుని స్టీరింగు కింద దూరాడు. కాసేపటికి ముక్కు చిట్లిస్తూ బయటికొచ్చాడు. అరచేతిలో నల్లబడిన ఫ్యూజు ఒకటి ఉంది. దాని రెండు కాళ్ళకీ కలిపి సన్నటి రాగితీగ చుట్టి ఉంది.

"ఇదిగో చూడండి. ఛార్జరు పెట్టే చోటుది. ఏ మహానుభావుడు చుట్టాడో! ఇంట్లో పాత పింగాణీ ఫ్యూజుకి చుట్టినట్టు చుట్టాడు. ఎక్కువ కరెంటు రాగానే ఛార్జరు లోపల షార్టయ్యుంటది. మంచి ఫ్యూజుంటే అక్కడే పుటుక్కుమని పోయేది. ఫోను దక్కేదేమో. ఇది పోదుగా, రాగి. కాలుస్తూనే ఉంటది." తీగ విప్పుతూ అన్నాడు, "ఫ్యూజంటే చచ్చిపోవడానికే పుట్టింది, దాన్ని బతికించాలని చూడకండర్రా అనేవారు మాష్టారు. టెన్తులో. అదొక్కటే గుర్తుంది నాకు, దాంతోనే బతుకుతున్నాను."

నాకు అప్పుడు గుర్తొచ్చింది.

అత్తయ్యగారు బాపట్లలో తమ్ముడి ఇంట్లో ఉండగా ఒంట్లో బాగోలేదని కబురొచ్చింది. మా ఆయన పేపర్లు దిద్దడానికి ఊరెళ్ళారు. మావయ్యగారే కారు తీశారు. తిరిగొచ్చేటప్పుడు వెనక సీట్లో ఆవిడ తల నా ఒళ్ళో ఉంది. ఏ ఆస్పత్రిలో మంచం ఖాళీ ఉందో డాక్టరుగారు ఫోను చేసి చెప్పాలి. నా ఫోను అప్పటికే ఆగిపోయింది, ఆయనది ఆగిపోబోతోంది. పొన్నూరు దగ్గర ఛార్జింగు ఆగింది. ఆయన కారు పక్కకి తీసి, డిక్కీలోంచి పాత వైరు ముక్క తెచ్చి, పళ్ళతో చీల్చి, ఒక పోగు లాగి, స్టీరింగు కింద ఏదో చేశారు. ఫోను వెలిగింది. పది నిమిషాలకి డాక్టరుగారి మాట వచ్చింది. ఆ తరవాత అత్తయ్యగారు పంతొమ్మిది రోజులు బతికారు. ఆ చివరి రికార్డు ఆ పంతొమ్మిది రోజుల్లోదే.

ఆ ఫ్యూజు మళ్ళీ మార్చడం ఆయన మర్చిపోయారు. నేనూ మర్చిపోయాను.

"ఫిన్నీ, ఈ తీగ సంగతి ఎవరికీ చెప్పకు. మాష్టారికి అసలే చెప్పకు."

వాడు తీగ వంకా నా వంకా చూశాడు. అర్థమయినట్టుంది. చేతులు గుడ్డకి తుడుచుకుని, దాన్ని చుట్టచుట్టి నాకిచ్చాడు. పర్సులో వేసుకున్నాను.

ఆదివారం అనుపమ బాపట్ల నుంచి వచ్చింది. మధ్యాహ్నం నలుగురం భోజనానికి కూర్చున్నాం. దొండకాయ వేపుడు, చారు. ఉప్పు డబ్బా ఎప్పటిలాగే మావయ్యగారి చేతికందనంత దూరంలో పెట్టాను. రోజూ అడుగుతారు, నేను వినిపించుకోను. ఆవేళ ఆయన చారు పోసుకుని, కలుపుకుని, ఏమీ అడగకుండా తిన్నారు.

"కారు బాగైందిటగా?" అన్నారు.

"అయింది నాన్నగారూ. రెగ్యులేటరు పోయిందట. ఆ చవక ఛార్జర్లు కూడా" అన్నారు మా ఆయన.

"ఛార్జరు కాదురా. ఫ్యూజు."

నా చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"రేపల్లెలో మీరంతా లోపలికి వెళ్ళాక కార్లో వంగి చూశాను. నేను చుట్టిన తీగే. పొన్నూరు దగ్గర చుట్టాను. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి వద్దని చెప్పిన పని." కంచం వంకే చూస్తూ అన్నారు. "ఫిన్నీకి కనపడే ఉంటుంది. వాడు నీకు చెప్పాడా అమ్మా?"

"ఇచ్చాడండి. నా దగ్గరుంది." మిగతాది కూడా చెప్పేశాను. "ఆ వేళ మీరు చుడుతుంటే నేను చూశాను మావయ్యగారూ. మొన్న వేమూరు దగ్గర మీరు ఫోను పెడుతున్నప్పుడు కూడా వద్దనాలనిపించింది. అనలేదు. పొద్దున వైరు గురించి గొడవపడ్డామని మూతి ముడుచుకు కూర్చున్నాను."

మా ఆయన తల దించుకున్నారు. "దాన్ని అననివ్వనిది నేను నాన్నగారూ" అన్నారు.

అనుపమ కళ్ళు తుడుచుకుంది. "తాతయ్యా, నువ్వు ఆ రోజు ఇచ్చుంటే..." అని, సగంలో ఆపేసింది.

"ఇవ్వలేదుగా" అన్నారు ఆయన. కోపం లేదు ఆ గొంతులో. మజ్జిగ పోయమన్నట్టు చెయ్యి చూపించారు. పోశాను. కలుపుకున్నారు కానీ తినలేదు.

"ఒక మాట వినండి అందరూ. ఈ ఇంట్లో ఇంకా మూడు చోట్ల నేను చుట్టిన తీగలున్నాయి. రేపు ఫిన్నీని పిలిచి తీయించి, మంచివి పెట్టించండి. నేను ముట్టుకోను. వదినగారికి నేనే ఫోను చేసి నిజం చెబుతాను, ఆవిణ్ణి ఎదురుచూడనివ్వకూడదు."

లేచి చెయ్యి కడుక్కున్నారు. తువ్వాలుకి తుడుచుకుంటూ ఫ్రిజ్ దగ్గర ఆగి, ఫోను నుంచి వైరు తీశారు. ఫోను చొక్కా జేబులో వేసుకున్నారు. స్టూలు ఎత్తి గోడవారగా పెట్టారు.

"ఇవాళ్టి నుంచి ఈ ప్లగ్గు ఖాళీ" అన్నారు. "ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకోండి."