రోడ్డు కింద ఖాళీ గొట్టం

నేను ఒక ఆరంగుళాల ఇనుప గొట్టాన్ని. పొడవు ఇరవై అడుగులు. ఇంతకు మించి నా గురించి చెప్పుకోవడానికి ఏముంటుందని మీకనిపించవచ్చు. మనుషులూ అలాగే అనుకున్నారు, పైగా నా ముందే అన్నారు. గొట్టానికి రెండు నోళ్లుంటాయి గాని చెవులుండవని వాళ్ల ధీమా.

ఇనుప రేకును చాపలా చుట్టి, అంచులు అతికి, కరిగిన జింకులో ముంచి నన్ను తయారు చేశారు. బొబ్బిలి దాటాక వచ్చే ఒక చిన్న ఊరికి బోరు వేయడానికి తెచ్చారు. అక్కడ రాయి తొందరగా తగిలి నా అవసరం లేకపోయింది. అలా మిగిలిపోయి, కాంట్రాక్టర్ అప్పలనాయుడి షెడ్డు పక్కన నాలుగేళ్లు పడి ఉన్నాను. నా మీద లుంగీలు ఆరేశారు. ఒక మేకను కట్టారు. అది నన్ను కాస్త ఇష్టపడిందనే అనుకుంటాను.

ఆ రోజుల్లో ఆ ఊళ్లో కాన్పుల ఆస్పత్రి కడుతున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ రోడ్డుకి అవతల, ఆస్పత్రి ఇవతల. కరెంటు పనంతా పైడిరాజు మేస్త్రిది. సన్నటి మనిషి, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క. లైట్లు, ఫ్యాన్లు, నీళ్ల మోటారు, ఆపరేషన్ గది, అన్నీ కలిసి ఎంత కరెంటు లాగుతాయో షెడ్డు గోడ మీద రాసి కూడాడు. దానికి తగిన కేబుల్ ఎంత లావుండాలో, ఆ కేబుల్‌కి ఎంత గొట్టం కావాలో లెక్క తేల్చాడు. మూడంగుళాల గొట్టం సరిపోయింది. అందరూ సంతోషించారు, ఒక్క పైడిరాజు తప్ప. గోడ ముందు అలాగే నిలబడి చాలాసేపు పెన్సిలు కొరికాడు.

పక్కన ఇంకో పెద్ద గొట్టం, ఉత్తదే, వేసి ఉంచుదామని అప్పలనాయుణ్ని అడిగాడు. రేపు ఆస్పత్రి పెరుగుతుంది, లావు కేబుల్ కావాలి, అప్పటికి పైన సిమెంటు రోడ్డు ఉంటుంది, పగలగొట్టడం మాటలు కాదు, అన్నాడు. ఎస్టిమేట్లో లేనిది పాతనన్నాడు నాయుడు. మర్నాడు మధ్యాహ్నం కాంక్రీటు లారీ వస్తోంది. పైడిరాజు వదల్లేదు. చివరికి నాయుడు విసుగెత్తి నా వైపు కాలితో చూపించాడు. కావాలంటే ఆ తుక్కు తీసుకుపో, నా మనుషుల్ని మాత్రం తట్టెడు మన్ను తియ్యమనకు, అన్నాడు.

మర్నాడు అన్నం క్యారేజీ తెచ్చిన పైడిరాజు భార్య సన్యాసమ్మ, మొగుడు ఒక్కడే కందకం తవ్వుతుంటే చూసింది. కాసేపు తిట్టింది. తర్వాత కొంగు బిగించి తనూ గునపం అందుకుంది.

నన్ను దింపేముందు అతను నా రెండు నోళ్లనీ ఆకురాయితో అరగదీశాడు. ఎప్పుడో లోపలికి వచ్చే కేబుల్ ఒరుసుకుపోకూడదని, చంటిపిల్లకి గోళ్లు తీసినంత ఓపిగ్గా చేశాడు. తర్వాత నాలోంచి ఒక నైలాన్ తాడు దూర్చాడు. అటు కొస ఆమె చేతిలో, ఇటు కొస అతని చేతిలో. వంగి నా నోట్లోకి అడిగాడు.

"అందిందా?"

"అందింది," అంది ఆమె అటునుంచి. ఆగి, "ఇంత పెద్ద గొట్టవెందుకయ్యా? దీన్లో ఏనుగునేటి తోల్తావా?" అని అడిగింది.

"గొట్టం సగానికి మించి నింపకూడదే. వైరుకి వేడి పుడతాది. ఆ వేడి పోడానికి చోటుండాల."

నా జీవితంలో మొదటిసారి నా ఖాళీ గురించి ఒకరు మర్యాదగా మాట్లాడారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కాంక్రీటు లారీ గంటన్నర ఆగాల్సి వచ్చింది. నాయుడు మళ్లీ పైడిరాజుని పనికి పిలవలేదు. ఊళ్లో వాళ్లు 'ఖాళీ గొట్టం మేస్త్రి' అని పేరు పెట్టారు. పెళ్లిళ్లలోనూ చావుల్లోనూ ఆ పేరే. ఎదురు మాట్లాడే అలవాటు లేని మనిషి. నవ్వి ఊరుకునేవాడు గాని ఆ నవ్వు ఇంటిదాకా నిలిచేది కాదని సన్యాసమ్మ నా దగ్గరే ఒకసారి అంది.

ఏటా తొలకరికి ముందు ఇద్దరూ వచ్చేవాళ్లు. నా కొసల దగ్గర ఇటుకలతో కట్టిన గుంటల మీది రాతి పలకలు తీసి, ఆమె పాత చీర ముక్కలతో బిగించిన బిరడాలు లాగేవాళ్లు. అతను ఒక బారెడు తాడు లాగితే ఆమె తిరిగి లాగేది. అందిందా, అందింది. తాడు ఆడుతోందని నమ్మకం కుదిరాక కొత్త గుడ్డతో నా నోళ్లు మూసి వెళ్లిపోయేవాళ్లు. నేను పద్నాలుగేళ్లు ఆ ఒక్కరోజు కోసం బతికాను.

పదిహేనో ఏడు ఆమె ఒక్కతే వచ్చింది. చేతులకు గాజులు లేవు. ఇటు నుంచి బారెడు లాగింది, రోడ్డు దాటి వెళ్లి అటు నుంచి వెనక్కి లాగింది. మళ్లీ ఇటొచ్చి, గుంటలోకి వంగి, మెల్లగా అంది: "అందిందా?"

ఆమె గొంతుని అటు కొసదాకా జాగ్రత్తగా మోసుకెళ్లాను, అంతే. మరో రెండేళ్లు ఇలాగే జరిగింది.

ఆ తర్వాతి వేసవిలో ఆస్పత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం ఒక గది తెరిచారు. పిల్లల్ని వెచ్చగా ఉంచే యంత్రాలు పన్నెండు. అన్నీ ఒకేసారి వెలిగేసరికి పాత కేబుల్ కాలిపోయేంత వేడెక్కి, ఫ్యూజులు పోతున్నాయి. అరచేతిలో పట్టేంత పిల్లల్ని నర్సులు రొమ్ముకి హత్తుకుని కూర్చునేవాళ్లు. చివరికి గదికి తాళం వేసి, పిల్లల్ని అంబులెన్సులో విజయనగరం పంపడం మొదలుపెట్టారు. అంత దూరం ప్రయాణం అందరు పిల్లలూ తట్టుకోలేరు.

కరెంటాఫీసు నుంచి సుహాసిని అనే ఇంజినీరమ్మ వచ్చింది. లెక్క వేసింది. మణికట్టంత కేబుల్ కావాలి. మూడంగుళాల గొట్టంలో అది దూరినా వేడి పోడానికి చోటుండదు. రోడ్డు కోస్తే మళ్లీ పోసి ఆరేదాకా నెల పడుతుంది, అంబులెన్సుకి ఉన్నది ఆ ఒక్క దారే. ఆమె పాత కాగితాలన్నీ తిరగేసింది. వాటిలో నేనెక్కడా లేను. ఎస్టిమేట్లో లేనిదాన్ని కదా.

ఎగతాళిలో మాత్రం ఉన్నాను. ముసలి వాచ్‌మన్ ఆ మాటా ఈ మాటా చెబుతూ, 'ఖాళీ గొట్టం మేస్త్రి' కథ చెప్పి నవ్వాడు. సుహాసిని నవ్వలేదు. ఆ మేస్త్రి ఇల్లెక్కడని అడిగింది.

సన్యాసమ్మ వచ్చి రెండు వైపులా పలకలు తీసి, బిరడాలు లాగి చూపించింది. సుహాసిని వంగి నాలోకి టార్చి వేసింది. అటు చివర వెలుతురు కనబడింది. నున్నగా అరగదీసిన నా అంచుని వేలితో తడిమింది. తర్వాత, "ఆయనకి ఎలా తెలుసమ్మా?" అని అడిగింది.

"కానుపుల ఆస్పత్రి కదమ్మా. పిల్లలు పుడతానే ఉంటారు, ఇది ఇలాగే ఉండిపోద్దేటి, అన్నాడు."

రెండు రోజుల్లో కేబుల్ వచ్చింది. తాడుకి కట్టి లాగుతుంటే నల్లగా, చల్లగా, మెల్లగా నాలోకి జరిగింది. ఎక్కడా ఒరుసుకోలేదు. ఇన్నేళ్ల ఖాళీలోకి ఒకరు వస్తే ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. దాంతో పాటు మరో కొత్త తాడు కూడా నాలోకి వచ్చింది. అది సన్యాసమ్మ పట్టుబట్టి కట్టించింది. ఇంకా చోటుందమ్మా, అంది.

సాయంత్రానికి గదిలో యంత్రాలు వెలిగాయి. పనివాళ్లు సామాన్లు సర్దుకుంటున్నారు. సన్యాసమ్మ గుంట పక్కన కూర్చుని కొత్త తాడు కొసని ఒక బారెడు లాగింది. అలవాటు కొద్దీ వంగింది. కేబుల్ పక్కన మిగిలిన ఖాళీలోంచి ఆమె గొంతు అటు సాగింది.

"అందిందా?"

తాడు అటువైపు బిగిసింది. అక్కడ గుంటలో మోకాళ్ల మీద కూర్చున్న సుహాసిని దాన్ని తిరిగి బారెడు లాగింది.

"అందిందమ్మా."