కుడి పక్క యాక్సిల్

జీపు వెనక చక్రం ఊడి మాకంటే ముందు వెళ్లిపోవడం ఆ సీజనులో అది మూడోసారి. మొదటిసారి నేను భయపడ్డాను. రెండోసారి మా ఆయన శ్రీకృష్ణ భయపడ్డారు. మూడోసారికి ఇద్దరం కూర్చున్నచోటే కూర్చుని, అది పక్కవాళ్ల పత్తి చేలోకి దొర్లుకుంటూ పోయి, ఓ చుట్టు తిరిగి పడుకునేదాకా చూశాం.

అది తొంభై తొమ్మిది మార్చి నెలాఖరు. మా ఎండుమిరప గోతాల్లో తొక్కి, కుట్టి, అరవై నాలుగు టిక్కీలుగా కళ్లంలో పేర్చి ఉంది. కళ్లానికీ తారు రోడ్డుకీ మధ్య మూడు కిలోమీటర్ల నల్లరేగడి డొంక దారి. రోడ్డు దాకా చేరిస్తే చాలు, అక్కడ మా మావగారు కట్టించిన పొగాకు కాల్చే బ్యారన్ ఒకటి ఖాళీగా ఉంది. దాని రేకుల కింద ఎన్నాళ్లున్నా ఫర్వాలేదు. చేర్చకపోతే, రెండ్రోజులుగా తూర్పున సముద్రం మీంచి లేస్తున్న మబ్బు ఏ పూటైనా దిగొచ్చు. పైన పట్టా కప్పినా కింద నీళ్లు చేరతాయి. తడిసిన కాయ రంగు పోయి తాలవుతుంది. ఏడాది పంటా అదే. ఊళ్లో ఉన్న రెండు ట్రాక్టర్లూ ఎవరి కళ్లాలకి వాళ్లు తిప్పుకుంటున్నారు. మాకు దిక్కు ఆ పొడుగు జీపే. అది పదహారు టిక్కీలతో బయల్దేరిన పావుగంటకే మూడు కాళ్ల మీద నిలబడింది.

టిక్కీలు దించి గట్టున పేర్చి, విరిగిన యాక్సిల్ ముక్క గోనెసంచిలో చుట్టుకుని మా ఆయన మార్టూరు బస్సెక్కబోయారు. మా అత్తగారు సుబ్బరావమ్మ గారు నన్ను కూడా వెళ్లమన్నారు. వాణ్ణొక్కణ్ణే పంపితే యాక్సిల్ కోసం వెళ్లి ఇంజను కూడా మార్పించుకొస్తాడని ఆవిడ అనుమానం. కని పెంచిన తల్లి కదా, కాదనలేకపోయాను.

లాల్ అహ్మద్ షెడ్డు గ్రానైటు పాలిష్ మిల్లుల వెనక ఉంటుంది. క్వారీ జీపులన్నీ ఆయన చేతి మీదే బతుకుతాయి. మా మావగారి కాలం నుంచీ తెలిసినవాడు, మా ఆయన మావా అని పిలుస్తారు. కూర్చోమని స్టూళ్లు వేశాడు. ఎవరం కూర్చోలేదు. మా ఆయన రెండు నిమిషాలకోసారి బయటికెళ్లి ఆకాశం చూసి రావడం, నేను ఆయన్ని చూడడం.

లాల్ అహ్మద్ సంచి విప్పి ముక్కని అటూ ఇటూ తిప్పాడు. దారులు మూడున్నాయన్నాడు. మొదటిది, పాత రకం యాక్సిలే కొత్తది వెయ్యడం. తనే మా డొంకలోకి వచ్చి గంటలో బిగిస్తాడు. కానీ అది ఎన్నాళ్లుంటుందో తను చెప్పలేడు. రెండోది, వెనక గేర్లకి వెల్డింగు కొట్టి రెండు చక్రాలూ ఒక్కసారే తిరిగేట్టు చెయ్యడం. బురదలో బ్రహ్మాండంగా లాగుతుంది గానీ మలుపు తిరగనంటుంది. మూడోది చూపించడానికి మమ్మల్ని షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు.

అక్కడ రెండు బండరాళ్ల మీద, క్వారీలో విప్పేసిన పెద్ద బండి వెనక యాక్సిల్ మొత్తం, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా పడుకుని ఉంది. మా ఆయన నడక ఆగింది. అంత ప్రేమగా ఆయన దేన్నీ చూడగా నేను ఎరగను. పెళ్లిచూపులకి నేనూ హాజరయ్యాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

"దీంట్లో లోపల కడ్డీ విరిగినా చక్రం ఊడదు శ్రీకృష్ణా. నలభై టిక్కీలెయ్యి, కిమ్మనదు" అన్నాడు లాల్ అహ్మద్.

జీపులో పట్టేది పదహారేనని, మిగతా ఇరవై నాలుగూ యాక్సిల్ మీద కూర్చోబెడతామా అని నేను అడిగాను. ఎవరూ పట్టించుకోలేదు. దీన్ని బిగించాలంటే జీపుని ట్రాక్టరుతో ఇక్కడికి లాక్కురావాలి, కొత్త పట్టీలు వెల్డింగు చెయ్యాలి, ఇంజను నుంచి వచ్చే షాఫ్టు కోయించాలి. రేపు సాయంత్రమవుతుంది. మా ఆయన మళ్లీ వెళ్లి ఆకాశం చూసొచ్చారు. రేపటిదాకా ఆగుతుందిలే అన్నారు, మబ్బుతో మాట్లాడుకుని వచ్చినట్టు.

పొద్దున చక్రం ఊడినప్పుడు జీపు పడిన తీరే నా కళ్లముందు తిరుగుతోంది. మా డొంకలో ఒక కట్టుబాటుంది. వానాకాలంలో మొదట దిగిన బండి వేసిన గాడే ఆ ఏడాదంతా అందరికీ గాడి. ఎండేసరికి అది సిమెంటైపోతుంది. దాన్ని చెరిపి కొత్త గాడి వేస్తే వెనకొచ్చే బండ్లు పల్టీ కొడతాయని ఎవరూ వెయ్యరు. ఆ రెండు గాడుల మధ్య దూరం ఎద్దుబండికి సరిపోతుంది. జీపు అంతకంటే సన్నం. ఒక పక్క గాడిలో, రెండో పక్క నడిమి మిట్ట మీద నడవాల్సిందే. మా ఆయనకి కనబడే గాడి ఆయన కూర్చున్న వైపుదే కనక, ఎప్పుడూ కుడి చక్రాలే అందులో దింపుతారు.

ఇంతకు ముందు విరిగిన ముక్కలు ఉన్నాయా అని లాల్ అహ్మద్‌ని అడిగాను. ఇనుము పారేసే అలవాటు ఆయనకి లేదు. మూలనుంచి రెండు తీసి, ఇవాళ్టి ముక్క పక్కన పెట్టాడు. పెట్టి, తనే ఆగిపోయాడు. ఆ జీపుకి కుడి యాక్సిలూ ఎడమ యాక్సిలూ ఒకే పొడుగుండవట.

"మూడూ కుడి పక్కవే తల్లీ" అన్నాడు నెమ్మదిగా.

బరువంతా కుడికి ఒరిగి పోతోందని, పాత యాక్సిలే వేసి టిక్కీలు ఎడమ పక్క ఎత్తుగా పేరిస్తే సరిపోతుందేమోనని చెప్పాను.

"నువ్వు చదివింది బోటనీ" అన్నారు మా ఆయన.

"అవునండీ. ఏ చెట్టయినా ఒకే పక్క మూడుసార్లు విరిగితే కారణం వెతకమన్నారు."

లాల్ అహ్మద్ నవ్వు దాచుకోవడానికి టేపు తీసి పెద్ద యాక్సిల్ కొలిచాడు. ఇది గాడులకి సరిగ్గా సరిపోతుంది గానీ ముందు చక్రాలు సన్నంగానే ఉంటాయి, ముందు కాళ్లొక దారి, వెనక కాళ్లొక దారి అవుతాయన్నాడు. నేను గెలిచాననుకున్నాను.

"దీని ముందుది కూడా ఉందా మావా?" అన్నారు మా ఆయన.

ఉందట. రెండూ మార్చాలంటే మూడ్రోజులట.

మా అత్తగారి మీద నాకు గౌరవం పెరిగింది. తూర్పు నుంచి గాలి తిరిగింది. షెడ్డు రేకు ఒకటి టపటపా కొట్టుకుంది. మా ఆయన పెద్ద యాక్సిల్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. అది ఊపిరి పీలుస్తుందని చూస్తున్నట్టుంది.

"మీ ఇష్టం. వానకంటే ముందు ఏది తిరుగుతుందో అది వేయించండి" అన్నాను.

చాలాసేపటికి చెయ్యి తీశారు. "పాతదే పట్రా మావా" అని, వెనక్కి చూడకుండా రోడ్డు మీదికి నడిచారు.

రెండింటికల్లా జీపు తిరిగింది. లాల్ అహ్మద్ బిగించి వెళ్లిపోయాడు. మా అత్తగారు గట్టునా, కళ్లంలోనూ నిలబడి ఎడమకి, ఇంకా ఎడమకి అంటూ పేర్పించారు. పైకి చూస్తే జీపు ఎవరి మాటో చెవొగ్గి వింటున్నట్టుంది. మొదటి విడత బ్యారన్‌కి చేరింది. రెండోది చేరింది. ప్రతి గుంట దగ్గరా మా ఆయన ఊపిరి బిగపడుతున్నారు. విరగకూడదనో, విరగాలనో నేను అడగలేదు. మూడోదీ చేరింది.

నాలుగో విడతకి రోడ్డు ఇంకా అర కిలోమీటరుందనగా చినుకులు మొదలయ్యాయి. మూడు నిమిషాల్లో నడిమి మిట్ట సబ్బులా జారింది. ఎడమ చక్రాలు కిందికి దిగి, జీపు పొట్ట నేలకానింది. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, బండి కదల్లేదు. యాక్సిల్ మాత్రం విరగలేదు.

ఇద్దరం పరుగున పట్టా కప్పి తాళ్లు బిగించాం. నలభై ఎనిమిది టిక్కీలు రేకుల కిందున్నాయి. ఈ పదహారూ జీపు మీద, నేలకి రెండడుగుల ఎత్తున ఉన్నాయి. కింద ఎన్ని నీళ్లు పారినా అందవు. ముందు సీట్లో చేరి మొహాలు తుడుచుకున్నాం.

"పెద్దదైతే ఇక్కడ దిగబడేది కాదు" అన్నారాయన.

"అవునండీ. మార్టూరులో ఉండేది."

ఆయన స్టీరింగు మీద వేళ్లతో కొట్టారు. పట్టా వైపు చూశారు, డొంక వైపు చూశారు. పంట భద్రంగా ఉందన్న సంగతి తలకెక్కుతున్నట్టే కనబడింది గానీ, కుదురు మాత్రం రాలేదు. కాసేపటికి పంచె ఎగ్గట్టి ఆ వానలోకే దిగారు. చూస్తే, వంగి, ఈ గాడి నుంచి ఆ గాడికి జానలేసి కొలుస్తున్నారు. ఆయన మూడో జాన వేసేలోపే గాడి అంచు కరిగి నీళ్లలో కలుస్తోంది. మళ్లీ మొదటి నుంచి కొలుస్తున్నారు.