మస్తానీ తెలుగు గడి

నేను ఒక మార్కుల షీటును. కాగితాన్ని కాదు, కంప్యూటరులో ఉంటాను. కృపామణి టీచర్ పోయిన రోజునే నా పాస్‌వర్డు కూడా పోయింది. ఆమె దాన్ని ఎక్కడా రాసిపెట్టలేదు.

చీరాల దగ్గరి ఒక హైస్కూల్లో ఆమె లెక్కలు చెప్పేవారు. రెండు ఆదివారాలు కూర్చుని నన్ను తయారుచేశారు. మార్కులు వేసే గళ్లకు పసుపు రంగు పూసి తెరిచి ఉంచారు. మొత్తాలు, గ్రేడ్లు వచ్చే గళ్లకు ఆ పాస్‌వర్డుతో తాళం వేశారు. కారణం లేకపోలేదు. నాకు ముందున్న షీటులో డ్రిల్లు మాస్టారు మొత్తం రావలసిన చోట తన ఫోన్ నంబరు కొట్టారు. ఆ ఏడు ఒక విద్యార్థికి తొమ్మిది వందల కోట్ల పైచిలుకు మార్కులు వచ్చాయి.

కృపామణి టీచర్ తరువాత తెలుగు మాస్టారు వీరభద్రంగారి చేతికి వచ్చాను. యూనిట్ పరీక్ష రోజున మస్తానీ అనే విద్యార్థినికి జ్వరం. ఆమె తెలుగు గడిలో ‘గైర్హాజరు’ అని వేయాలి. నా పైభాగాన సూచనల గడిలో ఆ మాట ఉంది. మాస్టారు దాన్ని కాపీ చేసి, తెచ్చి ఇక్కడ అతికించారు. ఆ సూచనల గడికీ తాళం ఉంది. మాట వెంట తాళమూ వచ్చింది. నాకు తెలుసు. కానీ నన్ను అడిగేదెవరు?

వారం తర్వాత మస్తానీ పరీక్ష రాసింది. ఇరవై అయిదుకు ఇరవైమూడు. తరగతిలో అదే పెద్ద మార్కు. కార్డులిచ్చే రోజు మధ్యాహ్నం మాస్టారు ఆ అంకె వేయబోతే నేను ఒప్పుకోలేదు. తాళాన్ని పాటించడమే నా ఉద్యోగం. మగ్గం ఆపి వచ్చిన తల్లి హుసేనమ్మ వరండాలో కూర్చుని ఉంది. కార్డు మీద ‘గైర్హాజరు’ అనే రాబోతోంది.

మాస్టారు సోషల్ టీచర్ భారతీదేవిని పిలిచారు.

“పెన్నుతో దిద్దేయనా అమ్మా?”

“దిద్దిన మార్కును ఎవరు నమ్ముతారు మాస్టారూ? పక్క గళ్లన్నీ తెరిచే ఉన్నాయి, ఇదొక్కటే మూసుకుందేంటి? అతికించారా?”

“అంత పెద్ద మాట టైపు చేయలేక...”

“తెలుగు మాస్టారికి తెలుగు మాట బరువైందా!”

ఆమె ఫోల్డరంతా వెతికింది. ‘వచ్చే ఏటికి’ అన్న పేరుతో మరో షీటు దొరికింది. ఆసుపత్రిలో చేరే ముందు వారం కృపామణి టీచర్ చేసి పెట్టినది. పసుపు గళ్లన్నీ ఖాళీగా, తెరిచి ఉన్నాయి.

మాస్టారు నా అంకెలను అందులోకి తీసుకువెళ్లారు. ఈసారి విలువలు మాత్రమే, వెంట తాళం రాకుండా. మస్తానీకి వచ్చిన ఇరవైమూడును తన వేలితో కొట్టారు. మొత్తాలు, గ్రేడ్లు వాటంతట అవే వచ్చేశాయి.

“తెలుగులో మీ అమ్మాయే ఫస్టు,” అన్నారు కార్డు ఇస్తూ.

“ఇంట్లో దీని నోరు మూతపడదండీ,” అంది హుసేనమ్మ. “ఆ నోటికి మార్కులు కూడా ఇస్తారా?”

వరండా అంతా నవ్వింది. మస్తానీ అందరికన్నా గట్టిగా నవ్వింది.

“దీని తాళం విరగ్గొట్టే దారులున్నాయి మాస్టారూ,” అంది భారతీదేవి తరువాత, నన్ను చూపించి.

“ఉండనీ అమ్మా.”

ఇప్పుడు నేను ‘పాతవి’ అనే ఫోల్డరులో ఉన్నాను. నాలో మస్తానీ తెలుగు గడి దగ్గర ‘గైర్హాజరు’ అనే ఉంది. అక్కడ ఇరవైమూడు ఇంకా వేయలేదు.