పరీక్ష రోజు జ్వరం

మా బడిని ఎర్ర చుక్కగా గోడ మీద చూపించిన సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. వ్యాయామశాల పైకప్పు ఎప్పటిలాగే కారుతోంది. బకెట్ల మధ్య కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. చాలామందిమి ఆల్చిప్పల ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చినవాళ్లం, చేతులకింకా నీచు వాసన పోలేదు.

విద్యాశాఖ నుంచి వచ్చిన పెద్దమనిషి బూట్లకి ఒక్క బురద మరక కూడా లేదు. పిల్లల పరీక్ష మార్కుల్ని బట్టి బడికొకటి చొప్పున గోడ మీద రెండు చుక్కలు పడ్డాయి. ఎర్రది మా లిసెయో, సర్కారు బడి. ఆకుపచ్చది రేవు పక్కనున్న సాన్ తెలెస్ఫోరో, దోన్ ఎవారిస్తో లారెనాస్ గారి బడి. దానికీ డబ్బిచ్చేది సర్కారే. కానీ ఎవరిని చేర్చుకోవాలో, ఎవరిని పంపేయాలో ఆయన ఇష్టం.

"మేం ఎవరినీ బలవంతపెట్టడం లేదు," అన్నాడు పెద్దమనిషి. "ఏ బడి మంచిదో చూసి ఎంచుకునే హక్కు తల్లిదండ్రులది. చుక్కలు మీ కళ్ల ముందే ఉన్నాయి. ఈసారి సర్కారు పరీక్షలో కూడా ఎర్ర చుక్కే వస్తే, మార్చిలో కొత్త ఏడాదికి ఈ బడి తెరవం. ఈ భవనం దోన్ ఎవారిస్తో గారు నడుపుతామన్నారు."

"మా పిల్లలు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

దోన్ ఎవారిస్తో లేచి కోటు సర్దుకున్నాడు. "పిల్లలు చెడ్డవాళ్లని నేననను. కొందరు చదువుకి పుడతారు, కొందరు చేతిపనికి. అర్హులైనవాళ్లకి మా తలుపు తెరిచే ఉంటుంది." ఆ మాట అంటూ మా చేతుల వైపు చూశాడు.

అప్పుడు నా కూతురు ఒరియానా లేచింది. లిసెయోలో నర్సు పని నేర్చుకుంటోంది, ఇంకో ఏడాదుంటే చేతికి పట్టా వస్తుంది. బడి మూతపడితే దానికి మిగిలేది నా పక్కన బల్ల, నా చేతిలో ఉన్నలాంటి కత్తి.

"నేను మీ బడి నుంచే వచ్చాను సార్. డిసెంబరులో, ఏడాది ముగియగానే మీరే పంపేశారు."

"అలాగా? గుర్తు లేదమ్మా. ఎంతోమంది వస్తారు, పోతారు." ఆయన నవ్వాడు. ముందు వరసలోని పెద్దమనుషులూ నవ్వారు.

ఆల్చిప్పలు తెరిచే కత్తి నా ఏప్రన్ జేబులోనే ఉంది. చెయ్యి దాని మీదికి పోయింది. పక్కనున్న ఉబెర్లిండా నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడు కాదు ఎడెల్మీరా," అంది నెమ్మదిగా. మేం న్యాయం కోసం కదిలామని తర్వాత చాలామంది చెప్పారు. మిగతావాళ్ల సంగతి నాకు తెలీదు. నేను మాత్రం ఆ నవ్వుకి బదులు తీర్చుకోవడానికే కదిలాను.

ఉబెర్లిండా మా బడి గేటు దగ్గర గుమ్మడికాయ కలిపిన పిండితో సొపాయిపియా అప్పాలు వేయించి అమ్ముతుంది. మీటింగ్ అయ్యాక నలుగురం ఆమె పొయ్యి చుట్టూ చేరాం. మాతె ఆకు కాచిన వేడి నీళ్ల గిన్నె చేతులు మారుతోంది.

"మావాడినీ డిసెంబరులోనే పంపేశారు," అంది ఉబెర్లిండా. "పరీక్ష కూడా రాయలేదు పాపం. ఆ రోజు వాడికి జ్వరం."

"ఒంటి మీద చెయ్యేసి చూశావా?" అన్నాను.

"నేనెక్కడ చూశాను? బడివాళ్లే ముందురోజు ఫోన్ చేశారు. పిల్లాడు నీరసంగా ఉన్నాడు, రేపు పంపకండి అన్నారు. ఎంత మంచివాళ్లో అనుకున్నా."

నా చేతిలో గిన్నె ఆగిపోయింది. ఒరియానాకి కూడా అదే ఫోను. అదే నీరసం. అదే రోజు.

మర్నాడు ఫ్యాక్టరీలో ఆ ప్రశ్న బల్ల నుంచి బల్లకి పాకింది. చేతులు ఆడుతూనే ఉన్నాయి, చిప్పలు తెరుచుకుంటూనే ఉన్నాయి. మీవాడికీ జ్వరమేనా? మీ అమ్మాయికీనా? మధ్యాహ్నం గంట కొట్టేసరికి సంగతి తేలిపోయింది. మార్కులు రావనుకున్న ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ ఆ బడిలో పరీక్ష రోజే జ్వరం. డిసెంబరు రాగానే వేరే బడి చూసుకోమని సలహా. వాళ్లని చేర్చుకున్నది మా లిసెయో. పరీక్ష తరగతికి రాకముందే ఆ బడి పంపేసిన పిల్లల్ని కూర్చోబెట్టి రాయించిందీ మా లిసెయోనే. ఎర్ర చుక్క అలా వచ్చింది. ఆకుపచ్చా అలాగే వచ్చింది.

ఆ రోజు నుంచి దోన్ ఎవారిస్తోకి జ్వరాల డాక్టరని పేరు పడింది.

ఆదివారం లిసెయోలో మీటింగ్ పెట్టాం. చరిత్ర చెప్పే కుస్తోదియో మాస్టారు ముందు మాట్లాడారు.

"ఆ పరీక్షే దొంగ పరీక్ష. అది కొలిచేది బడిని కాదు, ఇళ్లని. ఏ ఇంట్లో పుస్తకాలున్నాయో, ఏ ఇంట్లో తల్లి రెండు షిఫ్టులు చేస్తోందో కొలుస్తుంది. వాడి కొలబద్దతోనే వాడిని కొట్టి ఏం లాభం?"

"కొలబద్ద సంగతి తర్వాత చూద్దాం మాస్టారూ," అన్నాను. "ముందు దాంతోనే వాడి వీపు మీద ఒకటి పడాలి."

"గేటు మూసి మన బడిని ఆక్రమిద్దాం," అని విద్యార్థులు అరిచారు.

ఉబెర్లిండా చెయ్యెత్తింది. "మూసేస్తామన్న బడిని మనమే మూసుకుంటే వాడికి పండగే కదరా."

"అయితే వాడి బడినే మూద్దాం," అంది ఒరియానా. అందరూ నవ్వారు. అది నవ్వలేదు.

చివరికి తేలింది ఒక్కటే. ఈసారి సాన్ తెలెస్ఫోరో వాళ్లు జ్వరమన్న పిల్లలు ఇంట్లో ఉండకూడదు, తల్లుల్ని వెంటబెట్టుకుని ఆ గేటు ముందు నిలబడాలి. కానీ ఆ తల్లులు మా మాట వినాలి కదా.

వాళ్లలో నా చెల్లెలు నోల్ఫా ఒకతి. ఫ్యాక్టరీలో డబ్బాలకి మూతలు వేసే చోట పని చేస్తుంది. కొడుకు లిసాంద్రోని సాన్ తెలెస్ఫోరోలో వేసినప్పటి నుంచి వాడి టై సంగతి తప్ప ఇంకో మాట లేదు. బట్టలు మార్చుకునే గదిలో పట్టుకున్నాను.

"నీ కూతురు ఓడిపోయిందని నా కొడుకుని కిందికి లాగకు అక్కా," అంది.

"నీకూ ఫోనొస్తుంది చూడు."

"రాదు. నేను చూసి ఎంచుకున్న బడి అది. నువ్వు దొరికింది తీసుకున్నావు."

దాని చెంప పగలగొడదామనుకున్నాను. కానీ అది గబగబా బూట్లు మార్చుకుని వెళ్లిపోయింది. ఆ బడి తల్లులందరిదీ ఇంచుమించు అదే మాట. మాట్లాడితే తీసేస్తారు. మాట్లాడకపోయినా తీసేస్తారంటే నమ్మేవాళ్లు లేరు.

పరీక్షకి ముందురోజు సాయంత్రం తలుపు చప్పుడైంది. నోల్ఫా వానలో తడిసి నిలబడి ఉంది. వెనక లిసాంద్రో, మెడలో టై.

"ఫోనొచ్చింది అక్కా."

"ఏమన్నారు?"

"జ్వరమట."

"నాకేం లేదు పెద్దమ్మా," అన్నాడు లిసాంద్రో. అంటూనే చెయ్యి నుదుటి మీద పెట్టుకున్నాడు. అరచేత్తో చూశాడు, చెయ్యి తిప్పి వెనక వైపుతో చూశాడు. పొయ్యి దగ్గర కూర్చున్నంతసేపూ అలా చూసుకుంటూనే ఉన్నాడు. బడివాళ్లు అబద్ధం చెప్తారని వాడికి తోచలేదు. తన ఒంట్లోనే ఏదో ఉందనుకుంటున్నాడు. ఆ చెయ్యి చూసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

"చూసి ఎంచుకున్నావుగా," అన్నాను చెల్లెలితో. అనకుండా ఉండలేకపోయాను.

"తిట్టు అక్కా, ఎంతైనా తిట్టు. కానీ పొద్దున నా పక్కన నిలబడు."

"మిగతావాళ్లు?"

"ఫోనొచ్చిన ప్రతి ఇంటికీ నేను వెళ్తాను. వాళ్లు నా మాటయితే వింటారు."

విన్నారు. పొద్దున ఆ గేటు ముందు వీధి నిండిపోయింది. ఇస్త్రీ చేసిన కోట్లు, దువ్విన తలలు, జ్వరం వచ్చిన పిల్లలు. లోపల, పిల్లల రాకపోకలు చూసే బడి ఇన్‌స్పెక్టరమ్మ ఊచలకి అడ్డంగా నిలబడింది.

"ఒంట్లో బాగోలేని పిల్లల్ని రానివ్వం. మిగతావాళ్లకి అంటుకుంటుంది."

"ఏం జబ్బమ్మా అది, పేదరికమా?" అంది ఉబెర్లిండా. వీధంతా ఘొల్లుమంది.

అంతలో కొండ మీది నుంచి మా లిసెయో పిల్లలు దిగారు. పరీక్ష పదో తరగతికే, వాళ్లు రాస్తూ ఉండిపోయారు. తక్కినవాళ్లంతా కుర్చీలు నెత్తిన బోర్లించుకుని వానలో నడిచి వస్తున్నారు. మా ఊళ్లో పిల్లలు కుర్చీలు మోశారంటే ఒక్కటే అర్థం. గేటు ఊచల్లోకి కుర్చీ కాళ్లు దూర్చి బిగిస్తారు, ఇక ఆ బడి వాళ్లది. ఇన్‌స్పెక్టరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

కానీ ఒరియానా కుర్చీల్ని వీధిలోనే వరసగా వేయించింది. "కూర్చోండి," అంది జ్వరం పిల్లలతో. "ప్రశ్నపత్రాలు బయటికే తెస్తారు."

గొడుగు పట్టుకుని దోన్ ఎవారిస్తో గేటు దాటి వచ్చాడు. "ఏమిటీ తమాషా?"

"మీరే వచ్చి మావాడి నుదురు పట్టుకు చూడండి," అంది నోల్ఫా. ఆయన కదల్లేదు.

ఒరియానా జేబులోంచి బడి థర్మామీటరు తీసింది. లిసెయో నేర్పినట్టే ఒక్కొక్కరి చంకలో పెట్టి, ఆగి, వెలుగుకి పట్టుకుని చదివింది. లిసాంద్రోది చూసి, "ముప్పై ఆరున్నర," అంది అందరికీ వినపడేలా. "ఏ జ్వరమూ లేదు." వీధి ఆ మాటని మళ్లీ పలికింది. పిల్ల పిల్లకీ అదే మాట, ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా. మేడ మీది కిటికీల్లో లోపలి పిల్లల ముఖాలు కనిపించాయి. బయటి నుంచి వచ్చిన పరీక్ష అధికారి పత్రాల పెట్టె పట్టుకుని మెట్ల మీదే ఆగిపోయింది.

లిసాంద్రో నుదుటి మీంచి చెయ్యి తీసేశాడు.

ఒరియానా థర్మామీటరు తుడిచి దోన్ ఎవారిస్తో ముందుకి నడిచింది. "మీకు కూడా చూడనా సార్? ఇప్పుడు గుర్తొచ్చానా?"

ఆయన ముఖం నల్లబడింది. లోపలికి వెళ్లి గేటుకి తన చేత్తోనే తాళం వేసుకున్నాడు, ఫోన్ తీశాడు. పోలీసు వ్యాను రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇద్దరు నా కూతురి రెక్కలు విరిచి పట్టుకుని వ్యానులోకి లాక్కెళ్లారు. థర్మామీటరు రాళ్ల మీద పడి పగిలింది. నా చెయ్యి మళ్లీ కత్తి మీదికి పోయింది. ఈసారి ఎవరూ పట్టుకోలేదు. నేనే దాన్ని తీసి ఉబెర్లిండాకిచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. నన్ను లేపితే అందులో నోల్ఫా కూర్చుంది. నోల్ఫాని లేపితే కుస్తోదియో మాస్టారు కూర్చున్నారు.

అప్పుడు లోపల మేడ మీద కుర్చీలు ఈడుస్తున్న చప్పుడైంది. ఒక గది, పక్క గది, ఆ పై గది. టైలు కట్టుకున్న పిల్లలు, చదువుకి పుట్టినవాళ్లు, జ్వరం ఎన్నడూ రానివాళ్లు, కుర్చీలు మోసుకుంటూ మెట్లు దిగారు. దోన్ ఎవారిస్తోని దాటుకుని వచ్చి గేటు ఊచల్లోకి కుర్చీ కాళ్లు దూర్చారు. ఒకదాని మీద ఒకటి, పై ఊచ దాకా.

"లిసాంద్రో మా తరగతివాడు," అంది ముందున్న అమ్మాయి. "వాడు లేకుండా మేం రాయం."

పరీక్ష అధికారి పెట్టె మూసేసింది. "ఈ బడిలో పరీక్ష జరగలేదని రాస్తాను," అంది. అంటే ఈ ఏడాది ఆకుపచ్చ చుక్క లేదు. ఏ చుక్కా లేదు.

దోన్ ఎవారిస్తో చేతిలో తాళం చెవి ఉంది. కుర్చీలు తీస్తే గానీ అది పని చేయదు. పోలీసు నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు, అయినా ఊచల దగ్గరికి వంగాను.

"ఎంచుకోండి దోన్ ఎవారిస్తో. మా పిల్లని వదిలేయమని పోలీసులకి చెప్పి, వీళ్లందరినీ లోపలికి పిలుస్తారా? లేక ఈ కుర్చీల వెనక, పిల్లల చేతిలోనే బందీగా ఉంటారా? ఎంచుకునే హక్కు మీకూ ఉంది."

ఆయన నుదురు చెమటతో తడిసింది. నోల్ఫా అది చూసింది.

"అక్కా, ఈసారి నిజంగానే వచ్చినట్టుంది జ్వరం," అంది.

వ్యానులోంచి ఒరియానా నవ్వు వినిపించింది. పోలీసు నన్ను కూడా అందులోకే నెట్టాడు. తలుపు మూసుకునేలోపు చూశాను, మాస్టారిని కూడా లేపేసినా నా కుర్చీ ఖాళీగా లేదు. లిసాంద్రో టై విప్పి జేబులో కుక్కుకుని అందులో కూర్చుంటున్నాడు.